చలి అప్పు

అడివివరం నర్సరీలో సన్యాసప్పడు
మూడు కొమ్మలు తడిగోనెలో చుట్టి నా ముందు పెట్టాడు.
"తెల్లద్రాక్షే అంటన్నావు గదా, ఏదో ఒకటి తేల్చు."

తెల్లద్రాక్ష అంటాం గానీ
తెలుపెక్కడుంది దాన్లో?
నీళ్ళు కలిపిన ఆకుపచ్చ.
వెలుతురుకి పట్టుకుంటే లోపల గింజ నీడ.
నల్లది నాకొద్దు,
మేడ మీద ఆరేసిన బట్టల మీద
కాకులు మరకలు దింపుతాయి.

మొదటిది అనాబ్.
పొడుగు కాయ, మంచి మనసు,
వాన పడితే బూజు.
రెండోది థాంసన్.
గింజ ఉండదు. గింజ లేనిదాన్ని
ఎందుకో నేను పూర్తిగా నమ్మను.
మూడోదానికి పేరు లేదు.
జ్ఞానాపురం మార్కెట్లో ఆపిల్ దించిన లారీ డ్రైవరు
టీ బాకీ కింద ఇచ్చి పోయాడట.
మంచు కింద నాలుగు నెలలు పడుకుంటుందట,
అందరూ చచ్చిపోయిందనుకుంటారట,
చావదట.

"ఇది మనూరికి పనికిరాదమ్మా.
దీనికి చలి కావాల. చలి లేకపోతే నిద్దరోదు,
నిద్దరోకపోతే కాయదు.
లేపడానికయితే మందుంది, పూస్తే లెగుస్తాది."

నిద్రే పోనిదాన్ని
ఏం పెట్టి లేపుతావయ్యా?

మూడోదే తీసుకున్నాను.

ఇరవై రెండేళ్ళుగా నాది చలిలో ఉద్యోగం.
హార్బరు రోడ్డులో రొయ్యల కంపెనీ, రాత్రి షిఫ్టు.
మే నెల సిటీ బస్సులో
చంకలో ఉన్ని స్వెట్టరు పెట్టుకున్న ఆడమనిషిని చూసి
కాలేజీ పిల్లలు నవ్వుకుంటారు.
పగలు పడుకుంటాను, పడుకోవడం అంటే
ఫ్యాను కింద కళ్ళు మూసుకుని
ఓడల కూతలు లెక్కపెట్టడం.

సూపర్‌వైజరు గవర్రాజు కొమ్మని తిప్పి తిప్పి చూశాడు.
"రొయ్యల గదిలో పుల్లేటి?"
"నలభై రాత్రులు. అప్పనుకో."
నవ్వలేదు. రిజిస్టరు తీసి
ఇతరములు అన్న చోట
పుల్ల, ఒకటి, అని రాసుకున్నాడు.

మైనస్ పద్దెనిమిది గది కాదు,
దాని ముందరి గది. రెండు డిగ్రీలు.
పాత బనీనులో చుట్టి మూల నిలబెట్టాను.
షిఫ్టు దిగేముందు గోరుతో కాస్త గీకేదాన్ని.
బెరడు కింద పచ్చ
కనపడితే ఆ రోజుకి చాలు.
ఒక రాత్రి తుఫాను గాలికి కరెంటు పోయింది.
జనరేటరు మొరాయించింది.
పన్నెండు టన్నుల రొయ్యలకి అందరూ పరిగెత్తారు,
నేనూ పరిగెత్తాను,
పుల్ల దగ్గరికి.

సంక్రాంతి దాటాక ఇంటికి తెచ్చి
మేడ మీద పెయింటు డ్రమ్ములో పాతాను.
కంచరపాలెం మీదికి రేవు దుమ్ము ఎలా వస్తుందో
ఇక్కడ బట్టలుతికే వాళ్ళకి తెలుసు.
రోజూ తడిగుడ్డతో పుల్లని తుడిచాను.
ఏమీ లేదు. మళ్ళీ ఏమీ లేదు.
సన్యాసప్పడికి ఫోను చెయ్యడానికి సిగ్గేసింది.

శివరాత్రి వెళ్ళిన వారానికి
మూడో కణుపు దగ్గర ఉబ్బు.
కళ్ళజోడు తెచ్చుకుని చూశాను.
మొగ్గ ఒళ్ళంతా లేత గులాబీ నూగు,
ఉన్ని కప్పుకుని బయటికొస్తోంది.

ఎండల్లో ఉన్నితో బయల్దేరేవాళ్ళం
ఈ ఊళ్ళో ఇద్దరమయ్యాం.

కాయలేదు. మూడో ఏడుకి గానీ కాయదట,
కాస్తుందని మాటివ్వలేనని కూడా అన్నాడు.
తీగ మాత్రం పది అడుగులు పాకి
డిష్ యాంటెన్నాని పట్టుకుంది.
ఇక రెండు డిగ్రీల గదిలో పట్టదు.
ఈ పుష్యమాసం
కంపెనీలో పారబోసే పొడి ఐసు ముక్కలు
క్యారేజీలో మోసుకొచ్చి
తెల్లారగట్ట దాని మొదట్లో పోస్తున్నాను.
ఇది చాలుతుందా అని అడక్కండి.

డ్రమ్ము చిల్లులోంచి కారి
మేడ గొట్టం దిగి
కింది వాటా పైడమ్మ పాదాల మీద పడతాయి ఆ నీళ్ళు.
పళ్ళు తోముకుంటూ తలెత్తి అరుస్తుంది,
"అక్కా, ఇయ్యాల చలి ఎక్కడిది?"